తడిగోనెల కింద

మా వదిన అల్లం చాళ్ళ మధ్య కుప్పకూలినప్పుడు మేస్త్రీ పరుగున వచ్చి ముందు ఆమె వీపు మీది మందు డబ్బా విప్పాడు. మందు ఒలికిపోకుండా దాన్ని గట్టు మీద నిలబెట్టి, ఆ తర్వాతే ఆమె వంక చూశాడు. మేమంతా చూశాం. ఆస్పత్రి చేరేలోపే వదిన పోయింది.

దుంపకుళ్ళు పడిందని కాంట్రాక్టరు కుళ్ళుమందులో పురుగుమందు కూడా కలిపి కొట్టించాడు. మొహానికి మా తువ్వాళ్ళే దిక్కు. కొట్టనన్నవాళ్ళు రేపట్నుంచి రానక్కర్లేదన్నాడు.

వదిన మొదట్నుంచీ వద్దనే అంది. పక్క తోటలో చూసొచ్చి, మాగిన పశువుల ఎరువులో వేపపిండి, మేలుచేసే బూజుపొడి కలిపి షెడ్డు నీడలో తడిగోనెలు కప్పింది. అది మొదళ్ళలో పడితే కుళ్ళు తెచ్చే బూజును ఎదగనివ్వదట. నీళ్ళు నిలవకుండా కాలువలు మాత్రం తీయాలట. బూజుకి పురుడు పోస్తోందని మేం ఎగతాళి చేశాం.

ఎరువు మీద పచ్చగా బూజు కమ్మేసరికి అది చెడిందనుకున్నాడు అన్న. పెళ్ళానికి సాయం చేద్దామని, పాపం, మిగిలిన మందంతా దాని మీద కొట్టాడు. బూజు కనిపిస్తే మందు కొట్టడమే తెలిసిన చేతులు మావి. వదిన తిట్టలేదు. పడీపడీ నవ్వి, మందు తగలని మూలనుంచి గంపెడు తీసి కొత్త కుప్పకి కలిపింది. అది సిద్ధమయ్యేలోపే ఈ ఘోరం.

ఆమెను సాగనంపి షెడ్డులో చేరాం. పని పోతే పిల్లలకేం పెడతామని కొందరు, ఇవాళ ఆమె రేపు మనం అని కొందరు వాదించుకున్నారు. అన్న లేచి గోనె ఎత్తాడు. కుప్పంతా పచ్చగా ఉంది.

"మొదటి కుప్పని చంపింది నేను. నా పెళ్ళాన్ని చంపింది వాడు. మందు మాత్రం ఒకటే. ఇంక నేను ముట్టను" అన్నాడు.

ఎగతాళిలో అందరికన్నా ముందుండే పెద్దమ్మ కళ్ళు తుడుచుకుని, "నేనూ ముట్టను" అంది. ఆపైన ఎవరూ వాదించలేదు.

పొద్దున డబ్బాలు వరసగా పెట్టి ఉన్నాయి. వాటిని దాటుకుంటూ వదిన ఎరువు నింపిన గంపలతో చాళ్ళలోకి దిగాం. తోటకి తెగులు అంటిస్తున్నారని కాంట్రాక్టరు పోలీసుల్ని పిలిపించాడు. వాళ్ళు అన్న రెక్క పట్టుకుని లాక్కెళ్ళారు.

జీపెక్కుతూ అన్న నావైపు తిరిగాడు.

"తమ్ముడూ, మిగిలినదాని మీద గోనెలు తడుపుతూ ఉండండిరా. ఎండితే చచ్చిపోతుంది."

జీపు కదిలింది. డబ్బాలు ఎత్తమని మేస్త్రీ అరుస్తూనే ఉన్నాడు. మేం బిందెలు ఎత్తుకుని షెడ్డు వైపు నడిచాం.