నా మూడో ముహూర్తం

నేను ఒక కారును. రోడ్డు మీద తిరిగే మామూలు బండిని కాను. జమీందార్ల కోసం ఇంగ్లండులో రేకును చేత్తో సాగగొట్టి చేసిన కారును. నన్ను చేసిన కంపెనీ పేరు చెప్పను. చెబితే మీరు ఆ పేరుకు దణ్ణం పెట్టి నా మాట వినడం మానేస్తారు.

పుట్టినప్పుడు ఏం తెచ్చుకున్నాను, ఇప్పుడేం మిగిలింది అని బేరీజు వేసుకోవడం నాకు అలవాటు. తోలు సీట్లు పోయాయి, రెక్సిను వచ్చింది. గుండ్రటి ఇత్తడి లైట్లు ఎవరో ఊడబీక్కుపోయారు, లారీ లైట్లు వచ్చాయి. తలుపుల చట్రానికి పుట్టింటి కర్ర పుచ్చిపోయి టేకు పడింది. అందులో నాకే లాభం. ఇలాంటి మారకాలకు నేనెప్పుడూ ఏడవలేదు. ఇంజను మాత్రం నా అసలు. అసలు పోయాక దుకాణం తెరిచి కూర్చున్నా దాన్ని వ్యాపారం అనరు. ఆ అసలు మీదికే మనుషులు మంచి ముహూర్తం పేరు చెప్పి మూడుసార్లు వచ్చారు.

ఓడ నన్ను కాకినాడ రేవులో దించిన రోజు అమావాస్య. చింతలమర్రి జమీందారు గారు నా చుట్టూ తిరిగి, ముచ్చటపడి, "ఇవాళ ఇంటికి ఇనుము తీసుకెళ్ళొచ్చునా?" అని దివానును అడిగారు. దివాను వద్దన్నాడు. అమావాస్య వెళ్ళేసరికి మూఢం వచ్చింది. మూఢం వెళ్ళేదాకా నన్ను రేవు షెడ్డులో ఉంచారు. సముద్రపు గాలికి మూఢం లేదు కదా, అది రోజూ వచ్చింది. శుభఘడియ చూసి, పూలదండ వేసి, మేళంతో నన్ను ఊరు చేర్చేసరికి నా అడుగు రేకుల్లో ఉప్పు కాపురం పెట్టేసింది. అయినా ఇంజను దక్కింది కాబట్టి దాన్ని చిన్న నష్టం కింద కొట్టేశాను.

జమీందారీలు రద్దయ్యాయి. మొదట ఆయన పేరు చివర 'గారు' పోయింది, తరువాత వాకిట్లోంచి నేను పోయాను. గుంటూరు పొగాకు వ్యాపారి ఒకాయన నన్ను కొని పెళ్ళిళ్ళకు అద్దెకు తిప్పాడు. ఒక వేసవిలో మాణిక్యమ్మ అనే పెళ్ళికూతుర్ని తెనాలి నుంచి పెళ్ళికొడుకు ఊరికి తరలిస్తున్నారు. సగం దారిలో నా రేడియేటరు పొగలు కక్కింది. డ్రైవరు ఆపి నీళ్ళు పోస్తానన్నాడు. పెళ్ళికూతురి తండ్రి వెనక నుంచి కేకవేశాడు: "ముహూర్తం ముంచుకొస్తంటే నీళ్ళేందయ్యా? అక్కడికెళ్ళాక దానికి పానకం పోయిద్దాం, పోనియ్!"

పోనిచ్చాడు. ఇంకొంత దూరం వెళ్ళి నేను కదల్లేక నిలబడిపోయాను. అప్పుడు అందరికీ నీళ్ళు గుర్తొచ్చాయి. పక్క కాలవలోంచి కడవలతో తెచ్చి, పెనంలా కాలిపోతున్న ఇంజను మీద గుమ్మరించారు. లోపల 'ఠప్' మన్నది. మాణిక్యమ్మ దిగి, పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, దారిన పోతున్న ఎడ్లబండి ఎక్కింది. నేను పగిలిన ఇంజనుతో అక్కడే ఉండిపోయాను.

ఆ తరువాత ఒక రైసుమిల్లు షెడ్డు, ఊకగుట్ట, నా వెనక సీట్లో గుడ్లు పొదిగే కోళ్ళు. అంతకంటే చెప్పుకోవలసిన కాలం కాదది.

అక్కడ నన్ను గుర్తుపట్టింది అనంతరాములు. మాణిక్యమ్మకు మేనల్లుడు, విజయవాడ ఆటోనగర్‌లో లారీల స్పేర్‌పార్టుల వ్యాపారి. పాత కార్ల ఊరేగింపుల్లో తన పేరు వినబడాలని ఆయన ఆశ. నన్ను లారీ మీద వేసుకొచ్చి ఖాజా మేస్త్రికి అప్పగించాడు. రేకు పని, రంగు పని సాఫీగా నడిచాయి. పగులు దగ్గరే అందరూ ఆగారు.

"ఖాజా, ఒక్కసారే చూస్తా. మళ్ళీ పగిలిందనుకో, డీజిల్ ఇంజను బిగిద్దాం. ఈ ఇంజన్ని పాతినప కొట్టుకి తోలేద్దాం."

"అట్టా అనమాకండి రాములు గారూ. కుట్టు పడిద్ది, నన్ను తొందర మాత్రం పెట్టొద్దు."

పగులు పొడుగునా సన్నటి ఇనుప మరలు ఒకదాని పక్కన ఒకటి బిగించి, ఖాజా బట్ట కుట్టినట్టు కుట్టాడు. పైన మందు పూసి ఆరబెట్టాడు. ఈలోగా రాములు ఏం చేశాడంటే, ఖాజాతో చెప్పకుండా శుక్రవారం పొద్దుటికి ముహూర్తం పెట్టించి, ఆటోనగర్‌ అంతా పిలుపులు పంచేశాడు.

శుక్రవారం షెడ్డు ముందు షామియానా లేచింది. నా చక్రాల కింద నిమ్మకాయలు, ముక్కు మీద పసుపు బొట్లు. గుమ్మడికాయ సిద్ధం, కెమెరా సిద్ధం. ఖాజా ఒక్కడే కుట్టును గోటితో తాకి చూసి తల అడ్డంగా ఊపాడు.

"చెమ్మ ఆరలేదు. ఇంకో గంట ఆగాలండీ."

"గంటెక్కడిది?" అన్నారు పంతులుగారు. "పావుగంట దాటితే రాహుకాలం."

"విన్నావుగా. నీళ్ళు పోసి తిప్పు," అన్నాడు రాములు.

"నీళ్ళు తగిల్తే మందు ఊడొచ్చిద్ది."

"అయితే నీళ్ళు లేకండానే తిప్పవయ్యా! ఒక్క నిమిషానికి కొంప మునిగిద్దా?"

నాకు పాత దారి, పాత కాలవ, పాత చప్పుడు గుర్తొచ్చాయి. నోరుంటే అరిచేవాణ్ణి. నాకున్న హారనుకు ఆ రోజు తీగ కూడా తగిలించలేదు. ఆ పక్క షాపు ముందు కొత్త డీజిల్ ఇంజను ఒకటి కవరు కప్పుకుని కూర్చుంది. పొద్దుటి నుంచి దానివైపు చూడకూడదనుకుంటూనే చూస్తున్నాను.

"ఒరే రాములూ, ఇట్రా," అన్నది ప్లాస్టిక్ కుర్చీలోంచి ఒక ముసలి గొంతు. మాణిక్యమ్మ.

"అత్తా, నువ్వాగు. టైము దాటిపోతంది."

"నా పెళ్ళికీ దాటిపోతందనే మా నాయన దీనికి నీళ్ళు పొయ్యనియ్యలా. ఇది పగిలింది, నేను ఎడ్లబండెక్కా, ముహూర్తమూ దక్కలా. దాటినాకే కట్టాడు మీ మావయ్య తాళి. అయినా తను పోయేదాకా నన్నొదిలాడంట్రా?"

షామియానా కింద నవ్వులు లేచాయి. రాములు నవ్వలేదు. "ఇంతమందిని పిలిచా. నన్నిప్పుడేం చెయ్యమంటావు?"

"కొత్తింటో ముహూర్తానికి పాలు పొంగించి, తాళమేసి, రంగులారినాక సామాను చేరేసుకోలా నువ్వు? ఇదీ అంతే. పెట్రోలు పొయ్యమాక. హ్యాండిలు ఒక్క చుట్టు తిప్పి దణ్ణం పెట్టు. పాలు పొంగినట్టే. కాపరం ఆరినాక చేసిద్ది."

రాములు పంతులుగారి వైపు చూశాడు. ఆయనకు ఇంకోచోట గృహప్రవేశం ఉంది. "ఆరంభం ముహూర్తంలో జరిగితే చాలు నాయనా," అన్నారు.

రాములు తెల్ల ప్యాంటు మోకాళ్ళ దగ్గర పైకి లాక్కుని, నా ముక్కు కింద స్టార్టు చేసే హ్యాండిలు దగ్గర వంగాడు. హ్యాండిలు తిప్పాడు. నా లోపల చల్లటి ఇనుము ఒక్కసారి కదిలి ఆగింది. చప్పట్లు, ఫోటోలు. గుమ్మడికాయ పగిలింది, ఆ రోజు పగిలింది అదొక్కటే.

జనం లడ్డూలు తిని వెళ్ళిపోయారు. ఖాజా మళ్ళీ గోటితో తాకాడు. ఈసారి తల నిలువుగా ఊపాడు. చెంబుతో నీళ్ళు కొద్దికొద్దిగా పోసి, కింద పడుకుని కుట్టు కేసి చూస్తూ ఉండిపోయాడు. ఆ కాసేపూ నా బతుకంతా ఒక్క చుక్క రాలుతుందా లేదా అన్న దగ్గర వేలాడింది. రాలలేదు.

"ఇప్పుడు రాహుకాలం కదా..." అని నసిగాడు రాములు.

"మొదలెట్టటం అయిపోయిందిగా. రాహువుకి పాతబండ్లతో ఏం పని?" అన్నది మాణిక్యమ్మ.

ఖాజా పెట్రోలు పోసి హ్యాండిలు తిప్పాడు. దగ్గాను. మళ్ళీ తిప్పాడు, నల్లటి పొగ వదిలాను. ఆ తరువాతి తిప్పుకు అందుకున్నాను. షెడ్డు రేకులు అదిరాయి. రాములు రాహువుని మరిచిపోయి ఒక్కడే చప్పట్లు కొట్టాడు. అది నేను చూసిన అరుదైన సరుకు.

మాణిక్యమ్మ ఎవరినీ అడక్కుండా వెనక తలుపు తీసి ఎక్కి కూర్చుంది. "పద. ఆ రోజు సగం దార్లో దింపింది. ఇవాళన్నా ఇంటిదాకా చేర్చిద్దేమో చూద్దాం."

చేర్చాను. దారంతా నీళ్ళ గురించే ఆలోచిస్తూ చేర్చాను. గడప ముందు దిగి ఆమె నా బానెట్ మీద అరచెయ్యి పెట్టి చూసింది. "కాలటంలా," అన్నది ఖాజాతో.

హ్యాండిలు పట్టుకుని వంగిన ఫోటోను రాములు షాపులో కట్టించి పెట్టాడు. శుభముహూర్తంలో ఒక్క తిప్పుకే అందుకుందని వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నాడు. చెప్పుకోనీ, ఆ అబద్ధం వల్ల డీజిల్ ఇంజను మాట ఎవరూ ఎత్తడం లేదు. ఆ లాభాన్ని నేనెందుకు వదులుకుంటాను?

వచ్చే నెల పాత కార్ల ఊరేగింపుకు నన్ను తీసుకెళతారట. పంతులుగారికి అప్పుడే కబురు వెళ్ళింది. మంచి ఘడియ సంగతి వాళ్ళు చూసుకుంటారు. నేను మాత్రం షెడ్డు తలుపు చప్పుడైనప్పుడల్లా ఖాజా చేతిలో నీళ్ళ చెంబు ఉందా లేదా అనే చూస్తున్నాను.