తీసెయ్యమన్న ముక్క

రెక్సిన్ సంచి జిప్పు సగం దూరం వచ్చి ఆగిపోయింది. పక్కింటి ఆరోగ్యమ్మ రెండుసార్లు లాగి చూసి, ఇక లాభం లేదని పైన తువ్వాలు చుట్టి ముడివేసింది. లోపల నాలుగు చీరలు, ఒక దుప్పటి, ఇత్తడి చెంబు, రత్నబాబు చొక్కాలు రెండు. బేబి గోడకి ఆనుకుని కూర్చుని ఆ సర్దడం చూస్తోంది. మొగుడు రత్నబాబుని సమాధి చేసి అప్పటికి ఒక్క రోజయింది.

బయట ఆటో ఆగకుండా గుడగుడలాడుతోంది. క్వారీ మేస్త్రీ తిరుపతిరావు గుమ్మం దగ్గర నిలబడి బీడీ కాలుస్తున్నాడు.

"ఎంతసేపే ఆరోగ్యం? అదేమన్నా కాపరానికి పోతందా, సారె సర్దుతున్నావు?"

ఆ గది క్వారీ వాళ్ళది. పని చేసే మనిషి పోయాక పెళ్ళానికి అక్కడ చోటు లేదన్నారు. చందర్లపాడు అవతల బేబి పుట్టినూరు. ఆటోకి కూడా వాళ్ళే మాట్లాడారు. అంత త్వరగా ఆ పిల్లని ఊరు దాటించాలన్న తొందర ఎందుకో ఆరోగ్యమ్మకి తెలుసు. అందుకే ఆమె తల ఎత్తకుండా ముడి మీద ముడి వేస్తూ కూర్చుంది.

బేబి ఆమె చెయ్యి పట్టుకుంది.

"అత్తా, ఆ రోజు నువ్వు క్వారీలోనే ఉన్నావుగా. పనిలో ఉన్న మనిషి హైవే మీదికెందుకు పోయాడు?"

"నేను నీళ్ళకి పోయానే. చూళ్ళేదు."

బేబి ఆ చెయ్యి వదిలేసింది. ఆటో జగ్గయ్యపేట రోడ్డెక్కేదాకా ఆరోగ్యమ్మ గుమ్మంలోనే నిలబడింది. తన చేతుల్లో ఏం తప్పు ఉందో వెతుకుతున్నట్టు వాటిని తిప్పి తిప్పి చూసుకుంది.

ఆమె చూసింది. అంతా చూసింది. క్వారీలో పాతికేళ్ళుగా మంచినీళ్ళు మోసే మనిషి ఆమె. ఆ మధ్యాహ్నం రాతిలో పన్నెండు బొక్కల్లో పేలుడుమందు కూరారు. పేలిన శబ్దాలు పదకొండు. లెక్క తగ్గితే అరగంట దాకా ఎవరూ కిందికి దిగకూడదన్నది సున్నపురాయి తవ్వే ప్రతి మనిషికీ తెలిసిన సంగతి. తిరుపతిరావుకి ఇంకా బాగా తెలుసు. కానీ టిప్పర్లు వరసగా ఆగి ఉన్నాయి, ఫ్యాక్టరీ నుంచి ఫోను మీద ఫోను వస్తోంది.

"రత్నబాబూ, దిగి చూసి రారా. ఆ ఒక్కటీ తుస్సుమని ఉంటది."

రత్నబాబు ఆరోగ్యమ్మ చేతిలో ముంత తీసుకుని నీళ్ళు తాగాడు. మూతి తుడుచుకుంటూ దిగాడు. పన్నెండోది అప్పుడు పేలింది.

ఆ తరువాత అతన్ని టార్పాలిన్‌లో చుట్టి లారీలోకి ఎక్కించడం కూడా ఆమె చూసింది. సాయంత్రానికి అతను హైవే పక్కన గుర్తు తెలియని వాహనం గుద్దిన మనిషయ్యాడు. రోడ్డు మీద పోతే క్వారీకి సంబంధం లేదు. కాంట్రాక్టరు ఉపేంద్ర శవాన్ని చూడటానికైనా రాలేదు.

"నువ్వక్కడ లేవు ఆరోగ్యం," అన్నాడు తిరుపతిరావు ఆ రోజే, చాలా మెల్లగా, సొంత మనిషిలా. "మీ జీవరత్నాన్ని వచ్చే నెల డ్రిల్లు మీద పర్మనెంటు చెయ్యమని సారుకి చెప్పా. ఒక్కగానొక్క కొడుకు. ఆలోచించుకో."

ఆమె ఆలోచించుకుంది. బతికున్న కొడుకు, చచ్చిపోయిన రత్నబాబు, ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూసుకుంది. ఏ తల్లయినా ఇంతే చేస్తుందని తనకి తాను చెప్పుకుంది. చెప్పుకున్న ప్రతిసారీ ముఖం వేడెక్కేది.

* * *

నందిగామలో మేడ మీద ఒక గది తీసుకుని, సంయుక్త అనే ఆవిడ ఊళ్ళ పిల్లలకి వీడియో కెమెరా నేర్పేది. ఏదో సంస్థ తరఫున విజయవాడ నుంచి వచ్చింది. మీ ఊరి నీళ్ళ గురించీ, బడి గురించీ మీరే సినిమా తీయండి, దాన్ని అధికారుల ముందు పెట్టి మీరే అడగండి అనేది. ఇంటర్ అయిపోయి క్వారీ కాలనీలో ఖాళీగా ఉన్న జెరూషా మూడు నెలలు అక్కడికి వెళ్ళి వచ్చింది. వచ్చేటప్పుడు భుజాన నల్లసంచీ, అందులో అరచేతిలో ఇమిడే కెమెరా తెచ్చింది.

కాలనీ జనం నవ్వారు. క్వారీలో పనిచేసే పుల్లయ్య అయితే మీసం దువ్వుకుని, "నన్ను హీరోగా పెట్టవే, పాట లేకపోయినా పర్లా, ఫైటుండాలి," అన్నాడు.

జెరూషా ముందు నీళ్ళ ట్యాంకు తీసింది. క్వారీ దుమ్ము తెల్లగా పేరుకున్న సజ్జచేలు తీసింది. పేలుడుకి రాళ్ళు పడి చిల్లులు పడ్డ రేకులు తీసింది. ఒకరోజు కుళాయి దగ్గర ఆరోగ్యమ్మ ముందు నిలబడి కెమెరా ఎత్తింది.

"మామ్మా, రత్నబాబు బాబాయి పోయిన రోజు నువ్వేం చూశావు?"

"ఏం చూళ్ళేదు. నీళ్ళకి పోయా. రోడ్డు మీద లారీ గుద్దిందంట."

అక్కడితో ఆగిపోతే సరిపోయేది. కానీ ఆ గాజుకన్ను ఇంకా తన వంకే చూస్తోంది. ఆ చూపుకి ఏదో ఒకటి ఇయ్యాలనిపించింది.

"పాపం తాగున్నాడేమో," అంది.

బాప్తిస్మం తీసుకున్నాక రత్నబాబు చుక్క ముట్టలేదు. అది కాలనీ అంతటికీ తెలుసు. ఎవరూ అడక్కుండానే, ఎవరూ బెదిరించకుండానే, చచ్చినవాడి మీద ఆ మాట వేసింది ఆమె. అయినా తనకి తాను సర్దిచెప్పుకుంది. అది మనుషుల ముందు చెప్పిన మాట కాదుగదా, పట్నపు మిషను ముందు చెప్పింది. మిషను ముందు అబద్ధం అబద్ధమెట్లా అవుతుంది?

సంయుక్త పెట్టిన పద్ధతి ఒకటుంది. సినిమాలో ఉన్నవాళ్ళే దాన్ని ముందుగా చూడాలి. ఎవరికి వాళ్ళ ముక్క నచ్చకపోతే అందరి ముందూ లేచి "తీసెయ్యండి" అంటే తీసేస్తారు. కాలనీలో వందమంది కూర్చునే చోటు చర్చి ఒక్కటే. ఆదివారం ఆరాధన అయ్యాక అక్కడే వేస్తామన్నారు.

శనివారం ఆరోగ్యమ్మ జెరూషా వాళ్ళింటికి వెళ్ళింది.

"నా ముక్క తీసెయ్యవే."

"రేపు అందరిలో అడుగు మామ్మా. చాటుగా తియ్యకూడదు. మేడం ఊరుకోదు."

"ఈ మామ్మ అడిగితే తియ్యవా?"

"తీస్తే రేపు తిరుపతిరావు వచ్చి అడిగినా తియ్యాలిగా."

ఆరోగ్యమ్మ వెనక్కి తిరిగి ఇంటిదారి పట్టింది.

* * *

సిమెంటు గోతాలు కలిపి కుట్టి కిటికీలకి అడ్డం కట్టారు. పుల్లయ్య ఇంటి కలర్ టీవీ మోసుకొచ్చి ప్రసంగ వేదిక పక్కన బల్ల మీద పెట్టారు. ఆడవాళ్ళు ఒక వైపు, మగవాళ్ళు ఒక వైపు చాపల మీద కూర్చున్నారు. మొదట్లో అంతా సందడే. తమ ముఖాలు తమకే వింతగా ఉన్నాయి. "నా ముక్కు ఇంతుందేంట్రా," అన్నాడు పుల్లయ్య. "రోజూ మేము చూస్తానే ఉన్నాం, నీకే ఇవ్వాళ తెలిసింది," అంది ఎవరో ఆడమనిషి.

తరువాత టీవీలో కుళాయి కనిపించింది. కుళాయి పక్కన ఆరోగ్యమ్మ.

చర్చిలో కూర్చున్న ఆరోగ్యమ్మ ఆ ఆరోగ్యమ్మని చూసింది. ఎంత నదురూ బెదురూ లేకుండా చెబుతోంది. ఎంత చక్కగా కళ్ళు తుడుచుకుంటోంది. "పాపం తాగున్నాడేమో" అన్నప్పుడు మగవాళ్ళ వైపు నుంచి ఒక మూలుగు లాంటిది వచ్చింది. ఆమె కొడుకు జీవరత్నం తల దించుకున్నాడు. రత్నబాబు, అతనూ ఒకే డ్రిల్లు మీద చెయ్యి వేసి పని నేర్చుకున్నవాళ్ళు.

జెరూషా టేపు ఆపింది. సంయుక్త మామూలుగా అడిగింది. "ఇది ఉంచాలా, తియ్యాలా?"

తీసెయ్యమనడానికే లేచింది ఆరోగ్యమ్మ. ఒట్టు వేసి చెప్పవచ్చు, అందుకే లేచింది. కానీ ఆ చర్చిలో నలభై ఏళ్ళుగా నలుగురిలో లేచిన ప్రతిసారీ చేసిన పనే చేతులు వాటంతట అవే చేశాయి. చీరె చెంగు తల మీదికి లాగి ముసుగు వేసుకుంది. ముసుగు వేసుకుని లేచిన మనిషి దేవుడి ముందు సాక్ష్యం చెబుతుంది. జనం అలవాటుగా నిశ్శబ్దమైపోయారు. చంటిపిల్లల తల్లులు పిల్లల్ని గుండెకి అదుముకున్నారు. ముందు వరసలో కూర్చున్న ముసలి రాఘవమ్మ, కళ్ళు సరిగా కనపడని మనిషి, ఎప్పుడూ అనేటట్టే అంది.

"చెప్పమ్మా."

సాక్ష్యంలో అబద్ధం ఎలా చెబుతారో ఆరోగ్యమ్మకి తెలియదు. అది ఆమె ఎన్నడూ నేర్చుకోలేదు.

"నేను నీళ్ళకి పోలేదు," అంది. "అక్కడే ఉన్నా. పదకొండే పేలినయ్. తిరుపతిరావు దిగమన్నాడు. దిగాడు. నా ముంతలోనే నీళ్ళు తాగి దిగాడు. వాడు తాగలేదు. నేను అబద్ధం చెప్పా. బేబికి చెప్పా, ఈ పిల్లకి చెప్పా. నా కొడుకు పనికోసం చెప్పా."

ఆ మాటలు చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

పుల్లయ్య లేచాడు. ఇప్పుడు ముక్కు గురించి ఎవరూ నవ్వడం లేదు.

"లారీలోకి ఎక్కించింది నేనూ, ఇంకో ఇద్దరూ. హైవే పక్కన దించింది కూడా మేమే. కాళ్ళ వైపు నేను పట్టుకున్నా. ఇంకా వెచ్చగా ఉన్నాడు."

ఇక ఎవరూ ఆగలేదు. పేలుడుకి కళ్ళు పోయినవాడు ఒకడు లేచాడు, మూడేళ్ళ కిందటి సంగతి చెప్పాడు. దుమ్ముకి దగ్గి దగ్గి పోయిన తండ్రి సంగతి ఒక పిల్ల చెప్పింది. ఒకరు దాచిందీ ఇంకొకరు దాచిందీ కలిపితే గుట్టంత అయింది.

పాస్టరుగారు చేతులెత్తారు. "ఇవి ఇక్కడ వద్దు నాయనా. ఉపేంద్రగారు కాంపౌండు గోడ కట్టించారు మనకి."

"గోడ కట్టించారని దేవుణ్ణి కూడా లోపలే కూచోమంటారా అయ్యగారూ?" అంది రాఘవమ్మ.

సంయుక్త గబగబా దగ్గరికి వచ్చింది. "జెరూషా, ఒక్క మాట విను. ఇది అధికారులతో మంచిగా మాట్లాడుకోడానికి పెట్టిన ప్రోగ్రాం. నీళ్ళు, రోడ్లు వరకే. ఇది పెడితే మా వాళ్ళు రేపే గది తాళం వేస్తారు."

"మా మాట మేమే చెప్పాలన్నారుగా మేడం. చెబుతున్నాం. నీళ్ళ మాటయితే చెప్పొచ్చు, చావు మాటయితే చెప్పకూడదా?"

సంయుక్త తన సంచిలోంచి రెండో బ్యాటరీ తీసి జెరూషా చేతిలో పెట్టింది. కళ్ళెత్తి మాత్రం ఎవరినీ చూడలేదు. ఆ రోజు ఆ చర్చిలో సిగ్గుపడింది ఆరోగ్యమ్మ ఒక్కతే కాదు.

జెరూషా కెమెరా పెట్టింది. అందరూ మళ్ళీ మొదటి నుంచి, ఒక్కొక్కరే లేచి చెప్పారు.

బయటికి వచ్చాక జీవరత్నం తల్లి పక్కన నడిచాడు. చాలాదూరం నడిచాక అడిగాడు.

"నా పనికోసమన్నావు. నన్నడిగావా?"

ఆమె తన అడుగులే చూసుకుంటూ నడిచింది.

"రత్నబాబు తాగాడన్నావే అమ్మా," అన్నాడు. ఆమెని దాటి ముందుకు వెళ్ళిపోయాడు.

* * *

సోమవారం పొద్దున సైరను మోగినా ఎవరూ పనిలోకి దిగలేదు. మూడొందల మంది క్వారీ గేటు ముందు టిప్పర్లు పోయే దారి మీద కూర్చున్నారు. జీవరత్నం గేటెక్కి, తిరుపతిరావుకీ గేటు వెనక నిలబడ్డ గుమాస్తాలకీ వినపడేటట్టు చెప్పాడు. రత్నబాబు క్వారీలో చచ్చాడని రాయాలి. దిగమన్నవాడి మీదా, దిగమనిపించినవాడి మీదా కేసు పెట్టాలి. బేబి గది బేబికియ్యాలి.

"నిన్ను పర్మనెంటు చేద్దామనుకున్నాంరా," అన్నాడు తిరుపతిరావు.

"రత్నబాబుని చేశారుగా. చాల్లే."

మధ్యాహ్నం బేబి వచ్చింది. కబురు ఎవరు పంపారో తెలియదు. ఆరోగ్యమ్మ దగ్గరికి వచ్చి నిలబడింది. ఆరోగ్యమ్మ లేవబోయింది.

"లేవొద్దు. నీ మొకం చూడాలని లేదత్తా. కానీ ఇక్కడే కూచుంటా. చోటియ్యి."

ఆరోగ్యమ్మ జరిగి చోటిచ్చింది. ఆ రోజంతా ఇద్దరూ భుజానికి భుజం ఆనించి, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా కూర్చున్నారు.

మంగళవారం పదకొండు గంటలకి రెండు పోలీసు వ్యాన్లు వచ్చాయి. ఎస్సై దిగుతూనే కెమెరా వైపు చెయ్యి చాపాడు. జీవరత్నం మధ్యలోకి వచ్చాడు. "టేపు తీసుకుని చేలల్లో పడి పో జెరూషా," అన్నాడు. ఆ పిల్ల పరుగెత్తింది. లాఠీలు మొదట అతని మీద, తరువాత అందరి మీదా పడ్డాయి. ఆరుగురిని వ్యాన్లలోకి ఎక్కించారు. ఆడవాళ్ళు చక్రాలకి అడ్డం పడుకుంటే జుట్టు పట్టి ఈడ్చారు. పక్కకి పడిన ఆరోగ్యమ్మకి వ్యాను జాలీలోంచి కొడుకు చెయ్యి ఒక్కటే కనిపించింది.

జెరూషా టేపు నందిగామ చేరింది. ఆ సాయంత్రమే మూడు కాపీలయింది. నెల తిరిగేసరికి చుట్టుపక్కల తొమ్మిది క్వారీల కాలనీల్లో చూశారు. మేడ మీది గదికి నిజంగానే తాళం వేశారు. సంయుక్త ఉద్యోగం వదిలి, జెరూషా వాళ్ళింటి అరుగు మీద పాతికమందికి కెమెరా పట్టుకోవడం నేర్పింది. రత్నబాబు క్వారీలోనే చచ్చాడని ఏప్రిల్లో పోలీసులకి రాయక తప్పలేదు. తిరుపతిరావుని పట్టుకున్నారు. ఉపేంద్రని పట్టుకునేదాకా గేటు తెరవబోమని జనం అక్కడే కూర్చున్నారు. వాళ్ళు అడిగేవాటిలో ఇప్పుడు ఇంకొకటి చేరింది. ఆరో మనిషి ఎక్కడ?

తీసుకుపోయిన ఆరుగురిలో పుల్లయ్యతో కలిపి అయిదుగురు పదకొండో రోజున ఇళ్ళకి వచ్చారు. ఆరోవాణ్ణి అదే రోజు నాలుగింటికి వదిలేశామని పోలీసులు కాగితంలో రాసుకున్నారు. నాలుగింటికి అతన్ని చూసినవాళ్ళు ఎవరూ లేరు.

ఆరోగ్యమ్మ కొడుకు జీవరత్నం తిరిగి రాలేదు. అతన్ని తీసుకుపోయింది 2004 మార్చి తొమ్మిది, మంగళవారం.