మూలన మిగిలే అక్షరం

మార్చి పన్నెండు, బుధవారం, మధ్యాహ్నం, వంటగది, హాజరైనవారు తమ్సిన్, ఆమె తల్లి మోర్వెన్నా, అని మనసు తనంతట తాను రాసుకుపోతోంది, మూంటా ఊరి చరిత్ర సంఘానికి ఏళ్ళ తరబడి సమావేశ వివరాలు రాసిన మనసు కదా, గదిలో ఎవరెవరున్నారో తేల్చుకోనిదే దానికి కుదురుండదు, రాలేనివారికీ కాగితంలో ఒక వరుస ఉంటుంది, ఏదో ఒక బుధవారం ఆ వరుసలోకి, వద్దు, పిండి చూడు మోర్వెన్నా, అంచులు ఎండుతున్నాయి, బల్లకు అటువైపు కూతురు తలకు గుడ్డ చుట్టుకుని టర్నిప్ తరుగుతోంది, కత్తి ఎత్తినప్పుడల్లా మణికట్టు ఎముక ఎంత పైకి తేలిందో కనిపిస్తోంది, పేగులోని కాన్సరు కాలేయానికి పాకిందని చెప్పేముందు డాక్టరు కుర్చీ దగ్గరకు లాక్కున్నాడు, కుర్చీ లాక్కుని చెప్పిన కబురు ఎవరికైనా, ఎన్నడైనా మంచిదైందా.

ఆ గుంపులో చేరావా అమ్మా, అంది తమ్సిన్ తలెత్తకుండా, చేరతాలేవే, నిన్నా ఇదే మాట అన్నావు, ఏదో పేరు పెట్టుకోమంటోంది ఫోను, ఏం పెట్టుకోను, నీ పేరు పెట్టుకో, లైబ్రరీలో ఊరందరికీ కంప్యూటరు నేర్పినదానివి, నా దగ్గరా సాకులు. సాకు కాదు తల్లీ, భయం, పిండి డబ్బా పక్కన ఫోను తెరిచే ఉంది, కాన్సరు రోగుల ఆప్తులు ఒకరినొకరు ఓదార్చుకునే చోటు, వారం రోజులుగా గుమ్మం బయటే నిలబడి చదువుతోంది, లోపల రెండు గదులు, తోడున్నవారి గది, పోయినవారి వెనక మిగిలినవారి గది, నీలిపడవ అని పేరు పెట్టుకున్నాయన మొన్న మొదటి గదిలో, నా భార్య నోరు పూసింది, ఐసుముక్క చప్పరించమనవచ్చా అని అడిగాడు, ఎంతమంది ఎంత ఓపికగా చెప్పారో, నిన్న చూస్తే రెండో గదిలో ఉన్నాడు, ఐసు ఇంకా ఫ్రిజ్‌లోనే ఉంది అని ఒక్క వాక్యం, ఆ గదుల మధ్య తలుపు ఒకవైపుకే తెరుచుకుంటుంది, లోపలికి అడుగుపెట్టడమంటే ఆ తలుపు ముందు వరుసలో నిలబడటమే, తాను బయటే ఉంటే, పేరే ఇవ్వకపోతే, వరుస కదలదేమో, చదువుకున్న మనిషి అనుకోవలసిన మాటేనా ఇది, అయినా అనుకుంది.

మాంసం, ఆలుగడ్డ, టర్నిప్, ఉల్లి కూరి పెద్ద కజ్జికాయల్లా పాస్టీలు మడిచారు, అంచులు మెలిపెట్టారు, ఇక మిగిలిన పిండిని సన్నగా తీసి, తినేవారి పేరులో మొదటి అక్షరం మూలన అతికించాలి, రాగిగనుల్లోకి దిగిన ముత్తాతల నాటి పద్ధతి, రెండో కొసనుంచి తినాలి, అక్షరమున్న మూల చివరిదాకా నిలవాలి, మధ్యలో మనిషి లేచి వెళ్ళినా మిగిలిన ముక్క ఎవరిదో తెలియాలి, చిన్నప్పుడు తమ్సిన్ ముందుగా అక్షరాన్నే కొరికేసేది, తాత కసిరితే, నేనిక్కడే ఉన్నాగా తాతా, నాదని తెలీదా, అని ఎదురు తిరిగేది, ఇక్కడే ఉన్నాగా, ఇక్కడే.

ఇవాళ తమ్సిన్ అన్నిటి మీదా అమ్మ పేరులోని ఎమ్ అతికించింది, నీదేదే, అన్నీ నీకే, ఫ్రీజర్లో పెట్టుకో, మరి నీకు, నీ దాంట్లో ఓ మూల కొరుకుతాలే, అంతకంటే నా కడుపు పట్టదుగా, మూల కొరుకుతావా, మీ తాత సమాధిలోంచి లేచొస్తాడు, రానీ, వస్తే ఉల్లిపాయలు తరగమందాం, ఇద్దరూ నవ్వారు, నవ్వు ఆగాక తమ్సిన్ బల్ల అంచు పట్టుకుని ఊపిరి తీసుకుంది, నేను లేకపోతే నువ్వు వండుకోవమ్మా, టీ తాగి పుస్తకం పట్టుకుంటావు, తిన్నావా అని అడిగేవాళ్ళు ఎవరైనా ఉండొద్దూ, చేరమన్నది అందుకే, నాకోసం అనుకున్నావా, పిచ్చి తల్లీ.

మోర్వెన్నా ఒక పాస్టీ మీది ఎమ్‌ను గోటితో మెల్లగా ఒలిచి, ఆ పిండినే నలిపి, టి చేసి అతికించింది, ఎవరు తింటారమ్మా దాన్ని, ఎవరూ తినక్కర్లేదు, ఉండనీ.

పాస్టీలు కాలుతుండగా ఒక పాత కాగితం వెనుక చిత్తుప్రతి మొదలుపెట్టింది, మీరెవరు, కొద్ది మాటల్లో చెప్పండి, అని ఫోను అడుగుతోంది, రోగికి తోడుగా ఉంటున్న, అని రాసింది, ఉంటున్న అనే మాట ఎన్నాళ్ళు నిలుస్తుంది, కొట్టేసింది, విశ్రాంత గ్రంథపాలకురాలిని, అదెవరికి కావాలి, కొట్టేసింది, నేను తమ్సిన్ అమ్మను, చెయ్యి ఆగింది, ఈ వాక్యాన్ని ఎంత వెతికినా కొట్టేయడానికి చోటు దొరకలేదు, ఈ గదిలోనూ ఇదే, ఆ గదిలోకి నెట్టినా ఇదే, తిన్న మనిషి లేచి వెళ్ళాక కూడా మూలన నిలిచే అక్షరం, నన్ను చూసినవారికి నేను ఎవరిదాన్నో తెలుస్తుంది. ఫోనులో ఆ ఒక్క మాటే ఎక్కించి, చేరుతున్నాను అన్నచోట పిండి వేలితోనే నొక్కింది, తరవాత అలవాటు కొద్దీ కాగితం కింద తేదీ వేసి, హాజరైనవారు ఇద్దరు అని రాసి, సమావేశం ముగిసింది అనే చివరి వాక్యం మాత్రం రాయకుండా సంతకం చేసి, నాలుగు మడతలు పెట్టి, పిండి డబ్బా అడుగున దాచింది.