ఆగ్నేయ మూల

మంచు తోసే బండి పలకకు అడుగున రబ్బరు పట్టీ ఉంటుంది. మలుపు వచ్చినప్పుడల్లా వీరభద్రరావు బండి దిగి, నడుం వంచి, ఆ పట్టీ ఎంత ఎత్తులో ఉందో వేళ్లతో చూసుకుంటున్నాడు. మరీ కిందికి దిగితే కృత్రిమ పచ్చిక పోగులు లేచిపోతాయి. పైకి లేస్తే మంచు పొర మిగిలిపోయి దాని మీద ఆటగాళ్లు జారిపడతారు. ఉదయం ఆరున్నర అయింది. మైనస్ పదకొండు డిగ్రీల చలి. చూసుకున్న ప్రతిసారీ చేతి తొడుగు విప్పాల్సి వస్తోంది. వేళ్లు మొద్దుబారక ముందే మళ్లీ తొడుక్కుంటున్నాడు.

అరవై రెండేళ్లుంటాయి. పొట్టి మనిషి, వెడల్పాటి భుజాలు. మున్సిపాలిటీ ఇచ్చిన నారింజ రంగు జాకెట్టు మోకాళ్ల దాకా వేలాడుతుంది. టోపీ కింద ఎప్పుడో సామర్లకోటలో కొన్న మంకీ క్యాపు, దాని అంచున ఊపిరి తగిలి గడ్డకట్టిన తెల్లటి మీసం. ఎడమ మోకాలు సరిగా వంగదు. అందుకని బండి దిగినప్పుడల్లా కుడికాలే ముందు మోపుతాడు. ఆ స్టేడియంలో పనిచేసేవాళ్లకి ఆయన పూర్తి పేరు నోరు తిరగదు. పదకొండేళ్లుగా "బద్ర" అనే పిలుస్తున్నారు.

ఒంటారియోలోని వెల్లింగ్‌ఫర్డ్ అనే ఆ చిన్న ఊళ్లో ప్రతి నవంబరు చివరి శనివారం యూనివర్సిటీ జట్ల మధ్య బౌల్ అనే పెద్ద ఫుట్‌బాల్ ఆట జరుగుతుంది. మన ఫుట్‌బాల్ కాదు. హెల్మెట్లు పెట్టుకొని, కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చంకలో ఇరికించుకొని పరిగెత్తే ఆట. ఆ ఒక్కరోజు ఊళ్లో హోటళ్లు నిండిపోతాయి, బడి పిల్లలు బాకాలూదుకుంటూ వీధుల్లో నడుస్తారు. కాని ఈ ఏడు ఆకురాలే కాలమంతా ఊరు రెండుగా చీలి వాదించుకుంది. ఇంత చలి ఊరికి ఈ ఆట అవసరమా, టొరంటోలో పైకప్పున్న మైదానం ఉండగా పిల్లల్ని గడ్డకట్టే నేల మీద ఎందుకు పడెయ్యాలి అని కొందరు పత్రికకు ఉత్తరాలు రాశారు. చలిదేశంలో పుట్టి చలికి దాక్కుంటామా అని మరికొందరు తిరిగి రాశారు. ఆట ఇక్కడ ఉండాలో వద్దో ఈ ఆట అయ్యాక తేలుస్తామని ఆ పోటీలు నడిపే లీగ్ వాళ్లు చెప్పారు. ఆ పూట నేల మరీ గట్టిగా ఉంటే, రెండు జట్లనీ బస్సులెక్కించి టొరంటో తీసుకుపోయేందుకు ఏర్పాట్లు కూడా చేసి పెట్టుకున్నారు.

వీరభద్రరావు ఏ ఉత్తరమూ రాయలేదు. రాత్రి భోజనం దగ్గర పత్రికలో వచ్చినవన్నీ భార్య కాంతానికి చదివి వినిపించేవాడు, అంతే.

ఎనిమిదిన్నరకు లీగ్ తరఫున మెక్లీన్ అనే ఆవిడ వచ్చింది. వెంట స్టేడియం మేనేజరు ఐలీన్ ఉంది. మెక్లీన్ చేతిలో పొడవాటి గొట్టంలాంటి పరికరం. అందులోంచి ఇనుప గుండును నేల మీదికి వదిలితే, నేల ఎంత గట్టిగా ఉందో అంకె చూపిస్తుంది. కాగితం మీద మైదానం బొమ్మ, అందులో ఆరు గుర్తులు. ఆమె ఒక్కో గుర్తు దగ్గరా ఆగి గుండు వదులుతుంటే, వీరభద్రరావు పారతో చివరి మంచు తీస్తూ ఓరగా చూస్తున్నాడు.

"ఆరూ పాస్," అందామె. "బస్సులు వద్దని చెప్పేస్తాను."

ఐలీన్ పట్టి ఉంచిన ఊపిరి ఒక్కసారిగా వదిలింది.

వీరభద్రరావు పార పక్కన పెట్టాడు. దక్షిణం వైపు ఎత్తయిన స్టాండు నీడ మైదానానికి ఆగ్నేయ మూలన పడుతుంది. నవంబరు నెలలో ఆ మూలకి పదకొండు దాటితే గాని ఎండ రాదు. పచ్చిక పోగుల మధ్య మెత్తదనం కోసం పోసే నల్ల రబ్బరు గుళికలు అక్కడ తడిసి, రాయిలా బిగుసుకుపోతాయి. ఆ సంగతి మైదానాన్ని రోజూ తొక్కేవాళ్లకే తెలుస్తుంది. ఆరు గుర్తుల్లో ఒక్కటీ ఆ మూల దరిదాపుల్లో లేదు.

చెప్పకపోతే ఆట ఉంటుంది. పదకొండేళ్లలో మొదటిసారి కాంతం ఇవాళ ఆట చూడ్డానికి వస్తోంది. వృద్ధుల హోమ్‌లో ఆమెకి ప్రతి శనివారమూ డ్యూటీ. "ఇదే ఆఖరిదేమో అంటున్నారు కదండీ, ఒక్కసారైనా చూస్తాను," అని, హోమ్ వాళ్లని బతిమాలి సెలవు తీసుకుంది.

ఈ పనికి రాకముందు ఆయన ఒక కారు విడిభాగాల ఫ్యాక్టరీలో రేకులు నొక్కే ప్రెస్సు మీద పనిచేశాడు. పక్క మెషిన్ మీద శ్రీరాములని కర్నూలు మనిషి ఉండేవాడు. అతని మెషిన్‌లోకి చేతులు పోకుండా అడ్డుగా ఉండే తలుపు సరిగా పడడం లేదని వీరభద్రరావు మూడు రోజులుగా గమనిస్తూనే ఉన్నాడు. సూపర్‌వైజరు చూసుకుంటాడులే అనుకొని ఊరుకున్నాడు. నాలుగోరోజు శ్రీరాములుకి రెండు వేళ్లు పోయాయి. ఆసుపత్రిలో చూడ్డానికి వెళ్తే, "నువ్వేం జేస్తావులే అన్నా," అని ఆయన్నే ఓదార్చాడు. ఆ మాట విన్న దగ్గర్నించి వీరభద్రరావు చూసిందేదీ కడుపులో దాచుకోలేకపోయాడు.

"మేడమ్," అన్నాడు. "ఇంకో చోట కూడా వెయ్యండి."

ఆ మూలకు తీసుకెళ్లాడు. గుండు ఠంగుమని మోగి ఎగిరింది. మెక్లీన్ అంకె చూసి, మళ్లీ వదిలి చూసింది. తర్వాత తలెత్తి ఆయన్ని చూసింది.

"ఇది కాగితంలో లేదు. నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు."

"పిల్లలు ఇక్కడ కూడా పడతారు కదండీ."

ఐలీన్ మొహం పాలిపోయింది. "మరి బస్సులే నయమంటావా బద్రా?" అంది మెల్లగా.

"నాకు రెండు గంటలివ్వండి. పొడి గుళికల బస్తాలు బాయిలర్ గదిలో ఉన్నాయి. వెచ్చగానే ఉంటాయి."

మెక్లీన్ గడియారం చూసుకుంది. "పదిన్నర. ఆ తర్వాత బస్సులు ఆపడం నా చేతుల్లో లేదు."

వీరభద్రరావూ, తోటి పనివాడు మార్కో బిరుసు బ్రష్షులూ పళ్ల పారలూ తెచ్చుకొని ఆ మూలన మోకాళ్ల మీద కూర్చున్నారు. బిగుసుకున్న గుళికల్ని పోగు తెగకుండా గీకి, బకెట్లలోకెత్తి, వాటి చోట వెచ్చటి పొడి గుళికలు పోసి దువ్వారు. చాప వెడల్పు మేర పని అయ్యేసరికి పావుగంట పట్టింది. అలాంటివి పన్నెండు చాపలంత నేల. ఐలీన్ ఓ పది నిమిషాలు నిలబడి చూసి, ఖరీదైన కోటుతోనే తనూ బకెట్ పట్టుకుంది. కాసేపటికి టికెట్ల గదిలోంచి నలుగురు వచ్చారు. వీరభద్రరావు ఎవర్నీ పిలవలేదు. ఎలా దువ్వాలో మాత్రం ఒక్కొక్కరికీ చేసి చూపించాడు. మధ్యలో ఎడమ చెయ్యి భుజం దాకా లాగింది. చలికి పట్టేసిందనుకొని రెండుసార్లు విదిలించి మళ్లీ బ్రష్షు పట్టుకున్నాడు.

పదీ ఇరవై ఎనిమిదికి మెక్లీన్ గుండు వదిలింది. ఈసారి చప్పుడు లేదు. మెత్తగా దిగి ఆగింది.

"పాస్," అంది.

పన్నెండున్నరకి కాంతం వచ్చింది. చీర మీద పొడవాటి కోటు, కాళ్లకి డ్యూటీ బూట్లు, సంచీలో ఫ్లాస్కు. గేటు దగ్గర ఆయన కళ్లజోడు మీద మంచు తుడిచి, అల్లం టీ పోసి ఇచ్చింది.

"మోకాళ్లకి ఆ తడేంటండీ?"

"ఆగ్నేయ మూల గడ్డకట్టింది."

"ఆగ్నేయమా! వంటిల్లుండాల్సిన మూల గడ్డకట్టడమేంటండీ?"

"అందుకే పొద్దున్నుంచీ పొయ్యి రాజేస్తున్నాం," అన్నాడాయన నవ్వుతూ.

ఒంటిగంటకు ఆట మొదలైంది. ఆరువేల మంది వచ్చారు. కంబళ్లు కప్పుకొని, కాళ్లు నేలకేసి కొట్టుకుంటూ, నోళ్లలోంచి పొగలు కక్కుతూ అరుస్తున్నారు. వీరభద్రరావు పార పట్టుకొని ఆగ్నేయ గేటు దగ్గరే నిలబడ్డాడు. మూడో భాగంలో ఎర్ర చొక్కా వేసుకున్న ఇరవై రెండో నంబరు కుర్రాడు బంతితో ఆ మూలకే దూసుకొచ్చాడు. వెనకనుంచి ఇద్దరు అతని మీద పడ్డారు. హెల్మెట్ నేలకు తగిలింది. వీరభద్రరావు గేటు కమ్మీని గట్టిగా పట్టుకున్నాడు.

కుర్రాడు ఒక క్షణం అలాగే ఉన్నాడు. తర్వాత లేచి, మోచేతికి అంటుకున్న నల్ల గుళికలు దులుపుకొని, తన జట్టు వైపు పరిగెత్తాడు. దానికి చప్పట్లు కొట్టినవాళ్లు లేరు. వీరభద్రరావు మాత్రం కమ్మీ వదిలి, ఆ చేతిని జాకెట్టు జేబులో పెట్టుకున్నాడు.

"ఇక నేను చూసుకుంటా. వెళ్లి మీ ఆవిడ దగ్గర కూర్చో," అన్నాడు మార్కో.

అన్నేళ్లలో ఆయన ఆ స్టాండులో కూర్చోవడం అదే మొదలు. కాంతం జరిగి చోటిచ్చింది.

"ఎవరండీ గెలుస్తున్నది?"

"ఎర్ర చొక్కాలు."

"మీరు ఎవరి వైపు?"

"నేల వైపు," అన్నాడు.

కాంతం ఫక్కున నవ్వింది. ముందు వరసలోవాళ్లు వెనక్కి తిరిగి చూస్తే సిగ్గుపడి మఫ్లర్ నోటికి అడ్డం పెట్టుకుంది. అల్యూమినియం బెంచీ చల్లదనం కోటులోంచి దిగుతుంటే మాటిమాటికీ లేచి నిలబడుతోంది. ఇద్దరికీ పిల్లల్లేరు. పెళ్లయి ముప్పై నాలుగేళ్లయింది. పగటిపూట పనీపాటా లేకుండా పక్కపక్కన కూర్చుని ఎన్నాళ్లయిందో ఇద్దరికీ గుర్తులేదు.

ఆట అయ్యాక జనం వెళ్లిపోతుండగా మెక్లీన్ మెట్ల దగ్గర ఆయన్ని ఆపింది.

"రిపోర్టు రాయాలి నేను. నీ మాట చెప్పు. ఇంత చలి ఊళ్లో ఈ ఆట పెట్టొచ్చా?"

వీరభద్రరావు ఇంగ్లీషు మాటలు వెతుక్కున్నాడు.

"పెట్టొచ్చండీ. కాని చలి లేనట్టు నటిస్తూ పెట్టకూడదు. ఎండ ఉండగా పన్నెండుకే మొదలెట్టండి. కూర్చునేవాళ్లకి బెంచీలు వేడిచెయ్యండి. ఆ మూలన కూడా గుండు వెయ్యండి. ఇవన్నీ చెయ్యలేకపోతే టొరంటో పట్టుకెళ్లండి, తప్పేం లేదు."

మెక్లీన్ నిలబడే రాసుకుంది.

కారులో హీటర్ వేడెక్కేదాకా ఇద్దరూ చేతులు రుద్దుకుంటూ కూర్చున్నారు.

"వచ్చే ఏడు కూడా ఉంటుందంటారా?" అంది కాంతం.

"ఏమో. ఉంటే వస్తావా?"

"సెలవు ఇప్పట్నుంచే అడిగి పెట్టుకుంటాను," అంది.

డిసెంబరు రెండో ఆదివారం మధ్యాహ్నం ఆయన వంకాయ కూరతో అన్నం తిని, కూర బాగుందని చెప్పి, ఓ పావుగంట నడుం వాలుస్తానని సోఫాలో పడుకున్నాడు. కాంతం గిన్నెలు కడిగి, టీ పెట్టి, కప్పు పట్టుకొని వచ్చేసరికి ఆయన వెళ్లిపోయాడు. గుండె, నిద్రలోనే ఆగిపోయిందన్నారు డాక్టర్లు. మొహంలో ఏ బాధా లేదు. కళ్లజోడు తీసి జేబులో జాగ్రత్తగా పెట్టుకొనే పడుకున్నాడు. కాంతం కప్పు కింద పెట్టి, నేల మీద కూర్చొని, ఆయన పాదాలు వెచ్చగా ఉన్నంతసేపూ రెండు చేతులతో పట్టుకొని ఉంది.

జనవరి నెలాఖరున ఐలీన్ వచ్చింది. బూట్లు విప్పి వంటింటి బల్ల దగ్గర కూర్చుంది. ఆట మరో మూడేళ్లు వెల్లింగ్‌ఫర్డ్‌లోనే ఉంటుందని, పన్నెండు గంటలకే మొదలవుతుందని చెప్పింది. మైదానం కాగితంలో ఏడో గుర్తు పెట్టారట. దానికి ఆయన పేరు పెట్టాలని ఎవరికీ తోచలేదు. ఐలీన్ అది చెప్తున్నప్పుడే తనకు తట్టి తల దించుకుంది.

"ఫర్వాలేదండీ," అంది కాంతం. "ఆయనకి అలాంటివి ఇబ్బంది."

ఐలీన్ ఆయన లాకరులోని సామాను ఒక సంచీలో పెట్టి తెచ్చింది. రెండు జతల ఉన్ని సాక్సులు, టిఫిన్ డబ్బా, మోకాలికి రాసుకొనే మందు. అడుగున ఇంకేదో వెడల్పుగా, మెత్తగా తగిలింది. ఆట అయిన మర్నాడే ఊళ్లో కొట్టుకెళ్లి కొన్నాడని, ఎందుకో అప్పుడు అడగలేదని ఐలీన్ చెప్పింది.

స్టేడియం బెంచీ మీద వేసుకొని కూర్చునే దళసరి మెత్త అది. మడిచి పట్టుకోవడానికి చిన్న పిడి ఉంది. ఒక్కటే ఉంది.

ఐలీన్ వెళ్లాక కాంతం పొయ్యి మీద పాలు పెట్టి, కిటికీ అవతల పడుతున్న మంచును చూస్తూ నిలబడింది. ఆమె వెనక, బల్ల దగ్గరి కుర్చీలో, ప్లాస్టిక్ కవరైనా విప్పని ఆ ఎర్రటి మెత్త ఉంది.