బోకా వియేహా మొగకు గండి

నీళ్ళ మీద జెల్ల చేపలు తేలాయి. ఒకటీ రెండూ కాదు, మడచెట్ల వేళ్ళ మధ్య చెయ్యి పెట్టే చోటు లేకుండా, తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలాయి. తొలకరి నెలలో మగ జెల్ల గుడ్లను నోట్లో పెట్టుకుని పొదుగుతుంది. పిల్లలు బయటికి వచ్చేదాకా మేత ముట్టదు. ఆ నెలలో నోరు నిండిన జెల్ల వలలో పడితే, ఎంత ఆకలి మీదున్నా బోకా వియేహా ఊరి జనం దాన్ని మళ్ళీ నీళ్ళలో వదిలేస్తారు. రొయ్యల చెరువుల దొర దోన్ ఎవారిస్తో పెట్టిన కాపలావాడికి ఆ పట్టింపు ఎక్కడిది? బూటు మడమతో ఒకదాని దవడ నొక్కాడు. గోళీకాయలంత గుడ్లు బురదలోకి జారాయి. వాడు నవ్వాడు.

ఖాళీ గంపతో గట్టు మీద నిలబడి లిబ్రాదా అది చూసింది. మడకర్ర పొగ మీద చేప కాల్చి అమ్ముకునే మనిషి ఆమె. వారం నుంచి ఆమె పొయ్యి రాజుకోలేదు.

దోన్ తన రొయ్యల చెరువుల కోసం పెద్ద పాయకు అడ్డంగా సిమెంటు గోడ లేపి ఇనుప తలుపు దించాడు. దాంతో ఆటుపోట్లు ఆగిపోయాయి. నిలిచిన నీళ్ళు ఎండకు ఉడికి కుళ్ళాయి. ఇక సముద్రానికి మిగిలిన దారి, పాయ కడలిలో కలిసే పాత మొగ ఒక్కటే. ఏటా వేసవిలో దాన్ని ఇసుక పూడ్చేస్తుంది, తొలి వానలకు ఊరంతా ఇంటికో పార చొప్పున వెళ్ళి గండి కొడుతుంది. ఈ ఏడు ఆ ఇసుక దిబ్బ కూడా తనదేనన్నాడు దోన్. మొగ తెరిస్తే చెరువుల్లో నీటిమట్టం పడిపోతుందట. పార పట్టినవాణ్ణి జైల్లో తోయిస్తానని కబురు పంపాడు. వాడి సొమ్మేం పోయింది, సముద్రాన్ని కూడా రాయించుకునేలా ఉన్నాడు.

సహకార సంఘం ఐసు షెడ్డులో జనం చేరారు. సంఘం పెద్ద త్రాన్సితో ఇంకో అర్జీ పెడదామన్నాడు. పాత అర్జీలు ఏమయ్యాయని వెనక నుంచి ఎవరో అడిగారు. పోలీసులు దోన్ మనుషులేనని ఒకరు, ఊరికే పోయి చావడం ఎందుకని ఒకరు. మాటలు తిరిగి తిరిగి అర్జీ దగ్గరికే వచ్చాయి. లిబ్రాదాకు ఒళ్ళు మండిపోయింది.

"ఇంతమంది మగాళ్ళున్నారు, ఒక్కడి నోరూ పెగలదు. మీకన్నా జెల్లలు నయం. వాటి నోట్లో బిడ్డలుంటాయి. మీ నోట్లో ఏముంది, దొర పెట్టిన మేతా?"

జనం ఘొల్లున నవ్వారు. నవ్వుతూనే అందరూ ఒకే వైపు తిరిగారు. గోడవార కూర్చున్న ఆమె మొగుడు యూసేబియోని ఊరంతా పిలిచే పేరు జెల్ల. మీటింగుల్లో ఏనాడూ మాట్లాడి ఎరగడు. లిబ్రాదా నాలుక కరుచుకుంది. అతన్ని తలుచుకుని అన్న మాట కాదది. అయినా అనేసిన మాటను ఎట్లా మింగుతుంది?

యూసేబియో లేచాడు.

"పొద్దున్నే పార తీసుకుని మొగ దగ్గరికి పోతున్నా. వస్తే రండి. లేదంటే ఒక్కణ్ణే తవ్వుతా."

"ఒక్కడివి ఎట్టా తవ్వుతావురా?" అన్నాడు ముసలి హిలారియో. "ఇంటికో పార అన్నది మన తాతల నాటి కట్టుబాటు. నీకోసం దాన్ని మార్చమంటావా?"

మర్నాడు ఊరు ఊరంతా దిబ్బ మీద ఉంది. త్రాన్సితో కూడా పార తెచ్చాడు. సముద్రం వైపు నుంచి మొదలుపెట్టి కాలువ తవ్వుకుంటూ వచ్చారు. వానలకు పాయ నిండి ఉంది. కాలువకూ పాయకూ మధ్య అడ్డంగా కాస్త ఇసుక కట్ట మిగిలే సమయానికి పోలీసు ట్రక్కు వచ్చి ఊరి వైపు ఆగింది. కెప్టెన్ తన మందతో ఎండు కాలువ దాటి, మగాళ్ళు తవ్వుతున్న అవతలి గట్టుకు వెళ్ళాడు.

"మీ నాయకుడెవడు?"

"నాయకుల్లేరు. పారలున్నాయి," అన్నాడు యూసేబియో.

తుపాకి మడమ అతని నుదుటి మీద పడింది. అతన్నీ, పక్కనున్న వాళ్ళనూ చేతులు విరిచి కట్టారు. పారలన్నీ లాక్కుని కుప్పపోశారు.

ఇవతల, ఊరి గట్టున ఇసుక కట్ట దగ్గర ఆడవాళ్ళున్నారు. లిబ్రాదా మొగుడి ముఖం మీద నెత్తురు చూసింది. నా నోటి దురుసే ఇంత చేసింది అనుకుంది. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. మోకాళ్ళ మీద కూలబడి ఇసుక కట్టను చేతుల్తో తోడసాగింది. పక్కవాళ్ళు కంచాలతో, కుండ పెంకులతో దిగారు. ముందు వేలెడు ధార పారింది. ఆ తర్వాత నీళ్ళు ఎవరి సాయమూ అడగలేదు. గట్లు పెళ్ళలు పెళ్ళలుగా విరిగిపడ్డాయి. కుళ్ళు నీరంతా సముద్రంలోకి దూకింది. కాసేపటికి ఆ వడికి ఎదురీదుతూ లోపలికి ఎగిరిన కత్తిపరిగె చేపల్ని చూసి పిల్లలు కేకలు పెట్టారు.

కెప్టెన్ వెనక్కి తిరిగి చూసేసరికి ట్రక్కు ఒక గట్టున, తాను ఇంకో గట్టున. వెనకంతా మడ బురద, దోమలు. దోనెలన్నీ ఊరి వైపే ఉన్నాయి.

"ఏయ్, దోనె పట్రండే," అని అరిచాడు. ఎవరూ కదల్లేదు. ఎండ నెత్తికెక్కాక అతని గొంతు మారింది. "అమ్మా, ఒక్క దోనె పంపండి."

వడి తగ్గిన చోట లిబ్రాదా పాయ దాటి, గట్టుకు గెడ దూరంలో దోనె ఆపింది.

"ముందు కట్లు విప్పు. అందరివీ."

"చట్టం ఒప్పుకోదమ్మా."

"అయితే ఆ చట్టాన్నే దోనె అడుగు."

కెప్టెన్ నీళ్ళ వంక చూశాడు, తన ట్రక్కు వంక చూశాడు. కట్లు విప్పించాడు. యూసేబియో వచ్చి దోనె ముందు భాగంలో కూర్చున్నాడు.

"ఆ మాట నిన్ను కాదయ్యా అన్నది," అంది ఆమె నెమ్మదిగా.

"తెలుసు. అయినా తగిలింది."

కెప్టెన్ దోనెలో కాలు పెట్టబోయాడు. లిబ్రాదా గెడ మోపి దోనెను వెనక్కి నెట్టింది.

"పారలు మర్చిపోయావు. రేపు మీ దొర మిషన్లు తెచ్చి మొగ పూడుస్తాడు. మాకు పనుంది."

కెప్టెన్ నిలబడి చూస్తుంటే, పోలీసులు నడుము లోతు నీళ్ళలోకి దిగి పారలు ఒక్కొక్కటే ఆమె చేతికి అందించారు.