ఉయ్యాలకు కట్టిన తీగ

ఆ సాయంత్రం నర్సు నిద్ర లేచేసరికి ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. రాత్రంతా వార్డులో తిరిగొచ్చి పగలు పడుకునే మనిషికి అంతకంటే కావలసిందేముంది? హాయిగా ఒళ్లు విరుచుకుని వంటింట్లోకి వెళ్లింది. కూతురికని పెట్టిన పాలగ్లాసు మూత తీయకుండా అలాగే ఉంది. స్కూలు సంచీ కుర్చీలో ఉంది. గుమ్మం దగ్గర పిల్ల చెప్పులు మాత్రం లేవు.

"మిడతా!" అని పిలిచింది. ఒకచోట కుదురుగా నిలవని ఆ ఎనిమిదేళ్ల పిల్లకు టౌన్‌షిప్‌లో అందరూ పెట్టిన పేరది. తండ్రి లారీ మీద పొరుగూళ్లు తిరిగే మనిషి కనుక ఇంట్లో ఎప్పుడూ తల్లీకూతుళ్లిద్దరే.

పిల్ల పలకలేదు. కిటికీ తెరిచి చూస్తే కింద పార్కు ఖాళీగా ఉంది. వీధిలోనూ ఒక్క పిల్ల గొంతు వినపడలేదు. అంతసేపూ హాయిగా అనిపించిన నిశ్శబ్దం ఆమెకు ఒక్కసారిగా గుబులు పుట్టించింది.

ఆ నిశ్శబ్దాన్ని కోరి తెచ్చుకున్నది ఆమే. మధ్యాహ్నమంతా ఆ పార్కులో ఉయ్యాల కిర్రుకిర్రుమంటుంటే కంటి మీద కునుకుండేది కాదు. ఒక రాత్రి డ్యూటీలో తూలుతూ ఒకరికి ఇవ్వాల్సిన ఇంజెక్షన్ ఇంకొకరికి ఇవ్వబోయింది. ఆ భయంతోనే టౌన్‌షిప్ సంఘం కార్యదర్శికి మొరపెట్టుకుంది. ఆయన ఉయ్యాలలను పైకమ్మీకి ఎత్తి తీగతో కట్టించాడు. తర్వాత కిటికీ అద్దం పగిలిందని ఒకాయన బంతాట ఆపించాడు. పచ్చిక తొక్కేస్తున్నారని ఒకావిడ నానా యాగీ చేసింది. ఎవరి బాధ వాళ్లకు న్యాయమే. చివరికి గేటుకు తాళం పడింది. పచ్చిక ఏపుగా పెరిగింది. మరి పిల్లలు ఎక్కడ ఆడుకుంటున్నారని మాత్రం ఒక్కరూ అడగలేదు. ఆడకుండా ఉండే పిల్లలు ఈ లోకంలో ఉంటారా, చెప్పండి!

నర్సు కార్యదర్శి ఇంటికి పరుగెత్తింది. "బాబాయ్‌గారూ, మా అమ్మాయి ఇటేమైనా వచ్చిందా?"

"లేదే! మా మనవరాలు ఇంట్లోనే ఉంది. బుద్ధిగా చదువుకుంటోంది," అన్నాడాయన కాస్త గర్వంగా.

ఆ పిల్ల చేతిలో పుస్తకం ఉంది గాని మోకాళ్ల నిండా సిమెంటు దుమ్ము. "మిడత ఎక్కడుందే?" అంటే, "నాకు తెలీదు పిన్నీ," అంది తలెత్తకుండా. నర్సు దాని మణికట్టు పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది, నాడి దడదడా కొట్టుకుంటోంది.

"నిన్నెవరూ ఏమీ అనరు తల్లీ. చెప్పు."

పిల్ల భోరుమంది. "వెనకాల కడుతున్న బిల్డింగులో... నీళ్ల సంపులో దాక్కుంది. నిచ్చెన విరిగిపోయింది. తాతయ్య చంపేస్తాడని వచ్చేశా."

కార్యదర్శి గబుక్కున లేచి నిలబడ్డాడు. "సాయంత్రం ఆ సంపులోకే కదమ్మా ట్యాంకర్ నీళ్లు వదిలేది," అన్నాడు.

ఆయన మాట పూర్తి కాకముందే వెనక వైపు నుంచి ఇంజన్ మోత వినపడింది.

నర్సు చెప్పులు లేకుండానే పరుగెత్తింది. ఇసుక, కంకర, ఇనుప ముక్కలు, ఏవీ చూసుకోలేదు. ట్యాంకర్ డ్రైవర్ అప్పటికే పైపు సంపులోకి జారవిడిచి నీళ్లు వదలబోతున్నాడు. ఆపమని ఆమె అరిచినా ఇంజన్ మోతలో అతనికి వినపడలేదు. ఒక్క ఉదుటున వెళ్లి అతని చెయ్యి పట్టుకుని లాగేసింది.

"ఏంటమ్మా, పిచ్చా?" అని కసిరాడతను. ఆమె సంపు వైపు వేలు చూపించింది. అతను లైటు వేసి తొంగిచూసి, "అమ్మో!" అంటూ ఇంజన్ ఆపేశాడు.

మూలన మిడత ఒదిగి కూర్చుని ఉంది. రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకుంది.

డ్రైవర్ పైపు పట్టుకుని సంపులోకి దిగి పిల్లను పైకి అందించాడు. నర్సు దాని కాళ్లూ చేతులూ తడిమి చూసింది. "ఇంతసేపూ ఒక్క కేకయినా వెయ్యలేదేమే?"

"ఎక్కడ ఆడినా తిడుతున్నారని చప్పుడు చేస్తే అవుటని పెట్టుకున్నామమ్మా. తర్వాత చాలా భయమేసింది, అరుద్దామనుకున్నా. కానీ నువ్వు పడుకున్నావు కదా. లేచిపోతావని..."

నర్సు ఆ ఇసుకలోనే కూలబడి కూతుర్ని గుండెకు హత్తుకుంది. ఏడుపు ఆపుకోలేకపోయింది.

ఆ పొద్దే కార్యదర్శి పార్కు తాళం తీయడానికి వెళ్లాడు. ఉయ్యాల తీగ విప్పుతూ, "మరి నీ నిద్రో అమ్మాయ్?" అని అడిగాడు.

"దాని ఇరుసుకు కాస్త నూనె పెట్టించండి బాబాయ్‌గారూ. ఆ మాట అప్పుడే అనుకోవాల్సింది, మనకు తట్టలేదు. అయినా చప్పుడు మొత్తం పోనివ్వకండి. ఇకమీద అది వినపడితేనే నాకు నిద్ర పడుతుంది."

అయ్యలారా, అమ్మలారా! మీ వీధిలోనూ ఒక పార్కు ఉండే ఉంటుంది. ఓసారి వెళ్లి దాని గేటు చూసి రండి. తాళం వేసినంత మాత్రాన పిల్లల ఆట ఆగిపోదు, మన కంటికి కనపడని చోటికి వెళ్లిపోతుంది.