గోడవార అక్షింతలు

క్లైడ్ నార్త్‌లోని జశ్వంత్ ఇంట్లో అడుగుపెట్టగానే భానుప్రసాద్ కళ్లు హాలు మధ్యలో ఆగిపోయాయి. తను ఫిబ్రవరిలో పరిచిన టైళ్లు రెండు, పొట్టేళ్లలా తలలు ఢీకొట్టుకుని జానెడు ఎత్తు లేచి నిలబడ్డాయి. వాటి పక్కన కుర్చీ వేసుకుని, జశ్వంత్ మామగారు సుందరరామయ్య తీరిగ్గా కాళ్లూపుతున్నాడు.

"రావోయ్ మేస్త్రీ! మా ఊళ్లో ఒకాయనకి ఇలాగే నేల లేచి లేచి, మంచంతో సహా మనిషిని అటకెక్కించింది. వారం రోజులు నిచ్చెనేసి అన్నం అందించాం."

భానుప్రసాద్‌కు నవ్వు రాలేదు. ఫోటోలతో సహా మెసేజ్ రాసి, ఫోను చేత్తో పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు జశ్వంత్. అది ఎనిమిది వందల మంది తెలుగువాళ్ల గ్రూపులో పడిందంటే, ఈ దేశమొచ్చి క్లేటన్‌లో చదువుకునే రోజుల నుంచి టైళ్లు పరుస్తూ మోకాళ్లు అరగదీసుకుని సంపాదించిన పేరు సాయంత్రానికల్లా మట్టిలో కలిసిపోతుంది.

"నిజం చెప్పు బ్రో. గ్లూ తక్కువ పెట్టావు కదా? నేల కింద హీటింగ్ ఉంటే టైలు వెనకంతా ఫుల్ కవరేజ్ ఉండాలంట, యూట్యూబ్‌లో చూశా."

"చూడనీ అన్నా ముందు."

అసలు సంగతేమిటంటే, ఆ అనుమానం భానుప్రసాద్‌కూ ఉంది. గృహప్రవేశం ముహూర్తం తరుముకొస్తుంటే చివరి రెండు రోజులూ తిండి మానేసి పరిచాడు. ఆ తొందరలో చెయ్యి ఎక్కడైనా కక్కుర్తిపడిందేమో!

హీటింగ్ ఆపించి, స్క్రూడ్రైవర్ పిడితో ఒక్కో టైలునూ కొట్టుకుంటూ పోయాడు. హాలు మధ్యలో డొల్లగా మోగింది. గోడల అంచుల్లో గట్టిగా టక్కుమంది.

"కుండ బేరమాడుతున్నావా?" అన్నాడు సుందరరామయ్య.

లేచిన టైలును రెండు చేతులతో ఎత్తి, ఊపిరి బిగబట్టి తిరగేశాడు భానుప్రసాద్. వెనకంతా గ్లూ దట్టంగా అంటుకుని ఉంది. అప్పుడు వదిలాడు ఊపిరి.

"చూడన్నా, గ్లూ తక్కువ కాలేదు. మొత్తం కింది కాంక్రీటు స్లాబ్ నుంచి ఊడొచ్చింది."

"అయితే స్లాబ్ సరిగ్గా క్లీన్ చెయ్యలేదన్నమాట!"

"అలాగైతే అక్కడో ఇక్కడో ఊడేది. ఇవి ఒకదాన్నొకటి తోసుకుని లేచాయి. జూన్‌లో ఇక్కడి చలి మొదలవగానే హీటింగ్ వేశారు కదా, వేడికి టైళ్లు సాగుతాయి. సాగడానికనే గోడవార చుట్టూ సందు వదిలాను."

సుందరరామయ్య కాళ్లు ఊగడం ఆగిపోయింది.

అది భానుప్రసాద్ గమనించాడు. పాక్కుంటూ గోడ దగ్గరికెళ్లి తెల్లటి గీతను గోటితో నొక్కాడు. ఆ సందులో నింపాల్సిన మెత్తటి సీలెంటయితే రబ్బరులా నొక్కుకుపోవాలి. ఇది గోటినే వంచేసింది.

"ఇది నేను పెట్టింది కాదన్నా."

"గృహప్రవేశం అయ్యాక వచ్చి పెడతానన్నది నువ్వేగా?"

"వచ్చాను. అప్పటికే నిండి ఉంటే బిల్డర్ మనుషులు పెట్టారనుకుని వెళ్లిపోయా. నొక్కి చూడకపోవడం నా పొరపాటే."

"భలే చెప్తున్నావ్ బ్రో!" జశ్వంత్ బొటనవేలు ఫోను మీదికి జారింది.

భానుప్రసాద్ ఉలి పెట్టి సుత్తితో కొట్టాడు. వైట్ సిమెంట్ పెళ్లలుగా లేచింది. దాని కింద పసుపుపచ్చగా బియ్యపు గింజలు! నాలుగైదు అరచేతిలోకి తీసుకున్నాడు.

"అక్షింతలు," అన్నాడు జశ్వంత్, తనలో తను అనుకున్నట్టు. "గృహప్రవేశం రోజు మా మీద వేసినవి."

అంటే సందు పూడింది ఆ తర్వాతే. అప్పట్నుంచీ పగలంతా ఇంట్లో ఉండేది మామగారొక్కడే. ఇద్దరూ ఒక్కసారే కుర్చీ వైపు తిరిగారు.

సుందరరామయ్య గొంతు సవరించుకున్నాడు. "ఎంత ఊడ్చినా ఆ సందులోంచి రాలేదోయ్ అవి. చీమలు బారులు కట్టాయి. అల్లుడింటికి వచ్చినవాళ్లు నేల చూసి నవ్వుతారని, గరాజులో వైట్ సిమెంట్ కనిపిస్తే నాలుగు రోజులు పాకి నేనే పూడ్చాను."

"మరి చెప్పలేదేం మామయ్యగారూ?"

"నేను పూడ్చిన అంచు చూసి, ఫినిషింగ్ అదిరిందని మేస్త్రీని మెచ్చుకున్నావు. నాదని చెప్పుకోవాలని ప్రాణం కొట్టుకుంది. ఇవాళ ఇది లేచేసరికి నోరు పెగల్లేదు."

జశ్వంత్ మెసేజ్ చెరిపేశాడు. "సారీ అన్నా," అన్నాడు. బ్రో మాని అతను అన్నా అనడం అదే మొదలు.

సాయంత్రం దాకా భానుప్రసాద్ సిమెంటు తవ్వుతుంటే, సుందరరామయ్య వెనకే వాక్యూమ్ పట్టుకుని తిరిగాడు. లేచిన టైళ్లు మళ్లీ పరిచేది వచ్చే వారం. గోడవార కొత్తగా పెట్టిన సీలెంటును ముసలాయన వంగి, వేలితో నొక్కి, అనుమానంగా చూశాడు.

"ఇంత మెత్తనిదాన్ని చీమలు కొరికెయ్యవూ?"

"కొరకవంకుల్. అయినా ఆ వైట్ సిమెంట్ బకెట్ నా వ్యాన్‌లో పెట్టేసుకున్నాను."